కప్పెక్కి పిలిచిన పేరు

ఏడో నెల. అమావాస్య మర్నాడు.

తమ్ముడు గూ చేతికి ఇవాళ రాజుగారు గండ్రగొడ్డలి ఇచ్చారు. షీకౌ కనుమకు సేనాపతి. పడమటివాళ్ళు అక్కడిదాకా వచ్చేశారు.

గొడ్డలి అందుకున్నవాడు ఆ రోజు నుంచి చచ్చినవాడి కింద లెక్క. గోళ్ళు కత్తిరించి పెట్టెలో పెట్టించాను. చావుబట్టలు తొడిగి చూసుకున్నాడు. తాతగారికీ నాన్నగారికీ ఇలాగే జరిగింది. నాన్నగారప్పుడు పెట్టె నేను పట్టుకున్నాను.

"అక్కా, ఇవి చంకల్లో బిగుతుగా ఉన్నాయి. కొంచెం వదులు చెయ్యి" అన్నాడు.

"బట్టలు బిగుతు కాలేదు. నువ్వు ఒళ్ళు చేశావు."

"సరే, ఎలాగూ పడుకునే ఉంటానుగా. పర్లేదులే."

వాడి భార్య మంగ్ నవ్వలేదు. కూతురు రౌ నవ్వబోయి తల్లి మొహం చూసి మానేసింది.

ఉత్తర ద్వారం గుండా వెళ్ళాడు. ఆ ద్వారంలోంచి శవాలూ సేనాపతులూ తప్ప ఇంకెవరూ వెళ్ళరు. వెనక్కి తిరిగి చూడకూడదు. చూడలేదు.

మూడు తరాలు వరసగా సేనాపతులైన ఇల్లు నిలవదని మా వైపు ఒక మాట ఉంది. చంపినవాళ్ళ ఉసురు మూడోవాడి దగ్గర జమ అవుతుందట. వాడు మూడోవాడు.

నాకు భయం లేదు. పితృదేవతల ముందు మాచిపత్రి కాల్చి, కొర్రసారా పోసి దణ్ణం పెట్టాను.


ఏడో నెల. పౌర్ణమి.

కబురు లేదు. ప్రార్థన చేశాను.


ఎనిమిదో నెల మొదట్లో. వాన.

నిద్ర పట్టక పాతవి తలుచుకుంటున్నాను. వాడికి నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది. నా మొగుడు పోయి నేను పుట్టింటికి వచ్చిందీ అప్పుడే. అన్నం కలిపి పెట్టింది నేను, నాన్నగారి కత్తి చేతికిచ్చింది కూడా నేను.

మొదటి యుద్ధం నుంచి వచ్చినప్పుడు మీసం సరిగా రాలేదు వాడికి. నడుముకు ఒక తాడు, తాడుకు ఎడమ చెవులు. చంపినవాడి ఎడమ చెవి తెస్తేనే హోదా. వీధంతా మెచ్చుకున్నారు. ఇంట్లోకి వచ్చి, ఆ తాడు నా చేతిలో పెట్టి, పెరట్లో వాంతి చేసుకున్నాడు. నెల్లాళ్ళపాటు నా ఎడమ వైపు కూర్చోలేదు.

తర్వాత అలవాటైంది. నది దాటించేటప్పుడు పడవలు తిరగబడితే మూడు వందల మందిని తాడు కట్టి లాగించాడని పదివేల మందికి పెద్దను చేశారు. పటాలంలో ఏ కుండ దగ్గరికైనా వెళ్ళి చెయ్యి ముంచి, గంజి పల్చగా ఉంటే వంటవాడి గూబ మీద కొట్టేవాడట. ఆ వేళ్ళు కాలి బొబ్బలెక్కి ఉండేవి. మా ఇంట్లో సేనాపతి చేతుల మీద గాయాలు ఎక్కువ కుండలవే.

ఎందుకు రాస్తున్నానో ఇవన్నీ. ఈ వెదురు పలకలు ఎవరి కోసమూ కావు. పొయ్యిలో వేస్తాను.


ఎనిమిదో నెల. చలిగాలి మొదలైంది.

వాడు కోట తలుపులు మూసుకుని లోపలే ఉన్నాడు. పడమటివాళ్ళు చుట్టూ దిగారు. బయటికి వచ్చి యుద్ధం చెయ్యమని కొలువు నుంచి కబురు వెళ్ళింది. వాడు రాలేదు. రెండోసారి వెళ్ళింది. రాలేదు.

బజారుకు నేనే వెళ్ళాను. ఉప్పు అమ్మే మనిషి కొలత సగంలో ఆపి అన్నాడు:

"పెద్దమ్మా, ఒక సందేహం. మీ తమ్ముడు గోడకు కాపలానా, గోడ మీ తమ్ముడికి కాపలానా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఉప్పు నిండుగా పొయ్యి" అన్నాను.

"పొయ్యకపోతే?"

"పొయ్యకపోతే నీకు కాపలా ఎవరో నువ్వు చూసుకో."

పోశాడు. ఇంటికొచ్చాక ఆ ఉప్పు మళ్ళీ కొలిచాను. సరిగ్గానే ఉంది.


ఎనిమిదో నెల.

వాడు లొంగిపోడు.


మర్నాడు.

వాడు లొంగిపోడు.


తొమ్మిదో నెల. పాడ్యమి.

మంగ్ అడిగింది, "వదినా, కోటలో తిండి ఎన్నాళ్ళకు సరిపోతుంది?" అని.

చాలానే ఉంటుందన్నాను. నాకు తెలియదు.


తొమ్మిదో నెల. చవితి.

షీకౌ పడిపోయింది.

అంతవరకే తెలుసు. తమ్ముడు గోడ మీద చచ్చాడా, తలుపు తీసి లొంగాడా, ఎవరికీ తెలియదు. చచ్చి ఉంటే ఇంటికి గౌరవం. లొంగి ఉంటే మూడు వంశాల శిక్ష. వాడి వంశం, తల్లి వంశం, భార్య వంశం. పసిపిల్లలతో సహా.

సాయంత్రం పెరటి తలుపు దగ్గరికి ఒక గాయపడ్డవాడు వచ్చాడు. షీకౌ నుంచి పాక్కుంటూ వచ్చాడట. వాడు చెప్పింది ఇక్కడ రాయను. అన్నం పెట్టి, ఈ ఊళ్ళో ఇంకెవరితోనూ మాట్లాడకుండా దక్షిణం వైపు పొమ్మన్నాను.

మంగ్‌తో అన్నాను, ఎవరో బిచ్చగాడని.


తొమ్మిదో నెల. పంచమి.

చెల్లెలు చియావో, దాని మొగుడు తియెన్ వచ్చారు. తియెన్ కొలువులో కర్మకాండల శాఖలో ఉంటాడు. ఎవరికి ఏ లాంఛనం జరగాలో చూసే పని. ఎప్పుడూ గొంతు తగ్గించే మాట్లాడతాడు. ఇవాళ అసలు వినబడలేదు.

"కాస్త నోరు తెరిచి చెప్పండి" అంది చియావో. "మనందరి మెడలూ మీ నోట్లోనే ఉన్నాయి మరి."

"వదినగారూ, కొలువులో ఇంకా ఏమీ తేల్చలేదు. రెండు రకాలుగానూ అంటున్నారు. ఏది ముందు నిలబడితే అదే నిజమవుతుంది. మనింట్లో కర్మ మొదలుపెడితే రాజుగారి తరఫున లాంఛనంగా పట్టుబట్ట పంపాల్సి వస్తుంది. పట్టు వచ్చిందంటే రాజుగారు ఆయన చచ్చిపోయాడని ఒప్పుకున్నట్టే. రాజుగారు ఒప్పుకున్నాక కాదనేవాడు లేడు."

"శవం లేదుగా" అన్నాను.

"గోళ్ళున్నాయిగా. చావుబట్టలున్నాయి. సేనాపతికి అవి చాలు. అందుకేగా ఉంచుకునేది."

చియావో నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు ఆలోచిస్తున్నావా? ఇంకా ఆలోచిస్తున్నావా! చిన్నప్పణ్ణించీ వాడికి పెద్ద ముద్ద, నాకు అడుగంటింది. వాడు చచ్చే ఉంటాడు. చచ్చి ఉండకపోతే మాత్రం, వాడి కోసం నా పిల్లలు చావాలా?"

"వాడు బతికుంటే?" అన్నాను.

పక్కగదిలో రౌ మగ్గం ఆగిపోయింది. వింటోంది కాబోలు.

"వాడు చచ్చిపోయాడు" అన్నాను అప్పుడు. గట్టిగానే అన్నాను. మగ్గం మళ్ళీ కదలలేదు.

నిన్న వచ్చిన మనిషి సంగతి వాళ్ళకు చెప్పలేదు.


తొమ్మిదో నెల. సప్తమి.

పోయినవాడి పేరు కప్పెక్కి పిలవాలి. వాడి అంగీ చేత్తో పట్టుకుని, ఉత్తరానికి తిరిగి, మూడుసార్లు. ప్రాణం ఇంకా దూరం పోలేదేమో, పిలిస్తే తిరిగి వస్తుందేమోనని. మూడోసారికీ రాకపోతే చచ్చినట్టే. అప్పుడే ఏడవచ్చు.

మామూలుగా పనివాడు ఎక్కుతాడు. శవం లేనప్పుడు రక్తసంబంధం ఎక్కాలట. నేనే ఎక్కాను. నిచ్చెన తియెన్ పట్టుకున్నాడు. కింద ముంగిట్లో కొలువు పెద్ద, ఆయన వెనక పట్టుబట్ట పట్టుకున్న మనిషి, వీధివాళ్ళందరూ. ఉప్పు అమ్మేవాడు కూడా వచ్చాడు.

పెంకులు తడిగా ఉన్నాయి. అంగీ వాడిదే. ఉతికినా గుర్రం వాసన పోలేదు.

"లువాన్ గూ, తిరిగి రా" అన్నాను.

"వినబడలేదు తల్లీ" అన్నాడు కొలువు పెద్ద కింద నుంచి. "నాకే వినబడకపోతే ఆయనకేం వినబడుతుంది? కొంచెం గట్టిగా."

గట్టిగా పిలిచాను. "లువాన్ గూ! తిరిగి రా!"

నోటితో అది పిలుస్తూ లోపల ఇంకొకటి ప్రార్థిస్తున్నాను. రాకు. నాయనా, రాకు. ఎక్కడున్నా అక్కడే ఉండు. యాభై ఏళ్ళుగా దేవతల ముందు నోటికీ మనసుకూ తేడా రానివ్వలేదు నేను. ఇవాళ మూడుసార్లు వచ్చింది.

మూడో పిలుపుకు మంగ్ కింద కూలిపోయింది. ఆమెకు నిజమే. ఆమెకు నిజంగానే మొగుడు పోయాడు.

పట్టు పరిచారు. గోళ్ళ పెట్టె దాని మీద పెట్టారు. "షీకౌ గోడ మీద భేరి మోగిస్తూ ప్రాణం విడిచిన లువాన్ సేనాపతి" అని కొలువు పెద్ద బిగ్గరగా చదివాడు. ఆ భేరి మాట ఎవరు కల్పించారో. తియెన్ నేల చూస్తున్నాడు.

ఇల్లు నిలబడింది.


తొమ్మిదో నెల. దశమి.

గౌరవానికని గుమ్మం దగ్గర ఒక కాపలావాణ్ణి పెట్టారు. పేరు పావ్. ముక్కు విరిగి ఉంటుంది. పెద్ద నోరు.

"పెద్దమ్మా, ఇంత పెద్ద సేనాపతిగారింట్లో గంజిలో ఉప్పు లేదేంటి?"

"కర్మ రోజుల్లో వెయ్యరు."

"చచ్చింది ఆయన, చప్పిడి నాకు" అన్నాడు. అని తాగాడు. రెండోసారి కూడా పోయించుకున్నాడు.

గౌరవానికో, ఎవరొస్తారో చూడ్డానికో.


తొమ్మిదో నెల. తర్వాత ఒక రోజు.

ఇవాళ గుమ్మం దగ్గర ఏదో గొంతు. చేతిలో గిన్నె జారింది. జల్లెడలు అమ్మేవాడు.


ఇంకో రోజు.

కుక్క మొరిగితే లేచి కూర్చుంటున్నాను. మొరగకపోయినా లేస్తున్నాను. వాడు వస్తే కుక్క మొరగదు కదా.


ఇంకో రోజు.

పిలిచాను కదా. ఆ పిలుపు ఎంత దూరం పోతుంది? గాలి ఆ రోజు ఎటు వీచింది? పెద్దవాళ్ళనెవరినైనా అడగాలి. మా ఇంట్లో ఇప్పుడు పెద్దదాన్ని నేనే.

ప్రార్థన చెయ్యబోతే మాట రావడం లేదు. ఏం అడగాలి? వాణ్ణి బతికించమనా, రానివ్వొద్దనా? రెండూ కలిపి అడిగితే దేవతలు మొదటిది ఇచ్చి రెండోది మర్చిపోతారేమో.


పదో నెల. విదియ. పొద్దున.

వరసగా రాయాలి.

పొద్దున్నే వంటింట్లో కట్టెలు లేవు. వీధిలో కట్టెలవాడు పోతుంటే పావే కేకేసి లోపలికి తెచ్చాడు. తల వంచుకున్న మనిషి, వీపు మీద మోపు, గడ్డం గొరిగేసిన గరుకు మొహం. మా ఊళ్ళో గడ్డం లేని మగవాడంటే శిక్షపడినవాడు. ఎవరూ తేరిపార చూడరు.

"ఎక్కడ దించమంటారమ్మా?" అన్నాడు.

ఆ గొంతు.

మంగ్ లోపల పడుకుని ఉంది. రౌ మగ్గం దగ్గర. పావ్‌తో అన్నాను, "గంజి పొయ్యి మీద ఉంది, పోసుకో నాయనా. ఇవాళ ఉప్పు వేశాను." వాడు వంటింట్లోకి పోయాడు. కట్టెలవాణ్ణి పెరటి కొట్టంలోకి తీసుకెళ్ళాను.

మోపు దించాడు. ఒకరినొకరం చూసుకున్నాం.

"గడ్డం తీసేశావు" అన్నాను. ఇన్నాళ్ళ తర్వాత నా నోటికి వచ్చిన మాట అది.

"నువ్వు చిక్కిపోయావక్కా."

"ఎందుకొచ్చావు?"

"పట్టుబడదామని. నన్ను నేను అప్పగించుకుంటే మిమ్మల్ని వదిలేస్తారేమోనని. పడమటివాళ్ళ కాపలా తప్పించుకుని దారంతా అదే అనుకుంటూ నడిచాను. వీధి మొదట్లోంచి మనింటి మీద తెల్లగుడ్డలు కనిపించాయి. అందర్నీ నరికేశారనుకున్నాను. కూలబడిపోతే ఒకావిడ నీళ్ళిచ్చి చెప్పింది, ఎవరికీ ఏమీ కాలేదు, సేనాపతి ఒక్కడే పోయాడని." కొంచెం నవ్వాడు. "నా గురించి చాలా మంచిగా చెప్పిందిలే."

"నిజంగా తలుపు నువ్వే తీశావా?"

"తెలుసా నీకు?"

"ఒకడొచ్చి చెప్పాడు."

"నేనే తీశాను. గుర్రాలు అయిపోయాయి. జీను తోళ్ళు నానబెట్టుకు తిన్నాం. అవీ అయిపోయాక ఒకడు పక్కవాణ్ణి చూసే చూపు మారిందక్కా. ఒకరోజు గంజి కుండలో చెయ్యి పెట్టాను. తీశాను. ఆ మర్నాడు తలుపు తీశాను."

కుండలో ఏముందో నేను అడగలేదు. వాళ్ళు బతికారా అని మాత్రం అడిగాను.

వాడు కట్టెల బెరడు ఒలవడం మొదలుపెట్టాడు. చిన్నప్పటి నుంచీ అంతే, జవాబు లేకపోతే చేతులకేదో పని చెబుతాడు.

"సగం మందిని" అన్నాడు, ఆగిపోయాడు. "గొయ్యి వాళ్ళ చేతే తవ్వించారు."

ఆపైన, "ఇక కొలువుకు వెళ్తాను. నా పని అయిపోతుంది" అన్నాడు.

"వెళ్తే అందరి పనీ అయిపోతుంది. నువ్వు చచ్చావని నేను కొలువు పెద్ద ఎదుట కప్పెక్కి పిలిచాను. రాజుగారు పట్టు పంపారు. ఇప్పుడు నువ్వు కనబడితే రాజుగారికి అబద్ధమాడిన ఇల్లు ఇది."

"నేను చెప్పమన్నానా అబద్ధం?"

"లేదు. నేనే చెప్పాను."

"నాకు చావడం కూడా లేకుండా చేశావా అక్కా?"

వాడి భుజానికి అంటుకున్న బెరడు దులిపాను.

"రౌని ఒక్కసారి" అన్నాడు.

"కేకేస్తుంది."

"దూరంగా."

"కేకేస్తుంది, నాయనా."

తల ఊపాడు. పదివేల మందికి ఎటు నడవాలో చెప్పినవాడు, అన్నం గిన్నె పగలగొట్టిన పిల్లాడిలా నిలబడి అడిగాడు, "అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అని.

"చచ్చినట్టు ఉండు" అన్నాను.

తిట్టులా వచ్చింది నోట్లోంచి. వాడికి నవ్వొచ్చింది. "సిపాయిలతో నేనూ అదే అనేవాణ్ణి" అన్నాడు. ఇద్దరం నవ్వాం. కొట్టంలో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

ఆ నవ్వు వినే పావ్ వచ్చాడు.

"ఏంటి, కట్టెలవాడు కథలు చెబుతున్నాడా?" అంటూ గంజి గిన్నెతో గుమ్మంలో నిలబడ్డాడు. తమ్ముణ్ణి పైనుంచి కిందికి చూశాడు. చుట్టూ తిరిగి చూశాడు.

"గడ్డం ఎవరు గొరిగార్రా? ఏం దొంగిలించావ్?"

"గొర్రె, అయ్యా."

"ఒక్కటేనా?"

"ఒక్క దాంతో మొదలైంది. మందంతా పోయింది."

పావ్ పగలబడి నవ్వాడు. తమ్ముడి భుజం పట్టుకుని నొక్కి చూశాడు, సంతలో ఎద్దును చూసినట్టు. "ఎముకలు గట్టివే. పేరేంటి?"

మా నాన్నగారి దగ్గర పేడ ఎత్తే మనిషి ఉండేవాడు. వాడి పేరు చెప్పాడు.

"చూడు, కొత్త పటాలం కడుతున్నారు. దారి మీద దొరికిన మగాణ్ణల్లా లాక్కురమ్మన్నారు. మనిషికో కుండ సారా నాకు. ఈటె పట్టుకోవడం వచ్చా?"

తమ్ముడు నా వైపు చూడలేదు.

"నేర్పితే వస్తుందయ్యా" అన్నాడు.

"వస్తుంది, వస్తుంది. రాకపోతే వీపు మీద వస్తుంది." పావ్ నా వైపు తిరిగాడు. "పెద్దమ్మా, కట్టెలకు ఇంకొకణ్ణి చూసుకోండి. వీణ్ణి మీ సేనాపతిగారి పగ తీర్చడానికే తీసుకెళ్తున్నాను. మీకూ పుణ్యమే."

ఒక్క మాటంటే చాలు. వీడు మా మనిషి, వదిలెయ్యి అంటే. ఎవరు, ఏమవుతాడు అని అడుగుతాడు. జవాబు చెప్పాలి.

"తీసుకెళ్ళు" అన్నాను.

వెళ్ళిపోయారు. పావ్ వాడి మెడ మీద చెయ్యి వేసి తోస్తూ, గొర్రె దొంగ అని పాటలా అంటూ.

మంగ్ లేచి వచ్చింది. "ఎవరు వదినా?"

"కట్టెలవాడు."

"మోపు కూడా విప్పకుండానే పోయాడేంటి?"

నేనే విప్పి పేర్చాను.


పదో నెల. తదియ.

పటాలంలో పాత సిపాయిలు ఉంటారు. వాడి కింద పనిచేసినవాడు ఒక్కడున్నా చాలు.


పదో నెల. చవితి.

ప్రార్థన లేదు.


పదో నెల. షష్ఠి.

కొత్త పటాలం ఇవాళ బయల్దేరింది. మళ్ళీ షీకౌ వైపే. మా వీధిలోంచే పోయారు. సన్నగా వాన పడుతోంది. కర్మ ఉన్న ఇంటివాళ్ళం వీధిలో నిలబడకూడదు కనక తలుపు ఓరగా తీసుకుని లోపలి నుంచి చూశాం. నేనూ మంగ్. రౌని వంటింట్లో పనికి పెట్టాను.

రైతులు, కూలీలు, గొరిగిన గడ్డాలవాళ్ళు. సగం మందికి చెప్పులు లేవు. పక్కన గుర్రం మీద నేర్పేవాడు కర్ర పట్టుకుని, వరస తప్పినవాణ్ణల్లా కొడుతున్నాడు.

మూడో వరసలో చివరివాడు.

"వదినా, అతన్ని చూడండి" అంది మంగ్ మెల్లగా. "ఈటెను పారలా పట్టుకున్నాడు. అయ్యో. ఇలాంటివాళ్ళు ఎన్నాళ్ళు బతుకుతారు?"

నేనూ చూశాను. రెండు చేతులూ దగ్గర దగ్గరగా, మొన నేల వైపు, పిడి చంకలో. వాడు ఏడేళ్ళప్పుడు మా పెరట్లో అలా పట్టుకుంటేనే నాన్నగారు వేళ్ళ మీద కొట్టేవారు. వీధి మలుపులో నేర్పేవాడు ఏదో అరిచాడు, వరస తిరిగింది. అప్పుడు వాడి వెనక చెయ్యి తనంతట తానే కిందికి జారింది, ఎక్కడ ఉండాలో అక్కడికి. మొన లేచింది. ఒక్క క్షణం ఆ వరసలో నిటారుగా ఉన్నది ఆ ఈటె ఒక్కటే.

వెంటనే సర్దుకున్నాడు. చెయ్యి పైకి జరుపుకుని, మొన దించి, కాలు తడబడ్డట్టు నడిచాడు. నేర్పేవాడు వీపు మీద ఒకటి వేశాడు. చుట్టూ నవ్వారు.

మంగ్ ఆ వరస మలుపు తిరిగిపోయేదాకా అటే చూస్తూ ఉంది. ఆమె చెయ్యి నా చేతిని పట్టుకుని ఉంది. చల్లగా ఉంది.

చాలా రోజుల తర్వాత ఇవాళ ప్రార్థన వచ్చింది. ఒక్కటే. తప్పుగా పట్టుకో నాయనా. తప్పుగానే పట్టుకో.